మిషన్ ఆపే సాకు

హెడ్‌ఫోన్ల దుకాణంలో ఒక దర్జీ, పరీక్షకు చదువుతున్న అతని కూతురు నిలబడి ఉన్నారు.

“ఇవి చవక నాన్నా. చెవులు నొక్కవు, బస్సు రొద వినపడదు.”

“ఇంట్లోనో?”

“నీ కుట్టుమిషన్ పక్కనే కూర్చుని చదువుకుంటా. నాకోసం సాయంత్రాలు పని ఆపక్కర్లేదు.”

“ఆపితే నాకేం కష్టం తల్లీ. నీ చదువు ముఖ్యం.”

“ఆపి ఎక్కడికెళ్తున్నావు?”

“ఊరికే, గాలికి.”

“టీకొట్టు వెనకాల పేకముక్కల గాలేనా? అమ్మ చెప్పింది.”

“ఇవి కొనమన్నది కూడా అమ్మేనా?”

“అమ్మే.”

దర్జీ వాటిని చెవులకు పెట్టుకున్నాడు. వెంటనే తీసేశాడు.

“బాగా నొక్కుతున్నాయమ్మా. ఒక్క నెల ఆగుదాం.”

“నెలాగితే పరీక్షే అయిపోతుంది. నొక్కితే నా చెవుల్నేగా, బిల్లు వేయమను.”