గుండె కుడివైపు

హలో… ఆ, నేనే. నేనే అక్కా, ముక్కులో ట్యూబు పెట్టారు, గొంతు అందుకే అలా ఉంది.

…

మాట్లాడగలను. మెల్లగా మాట్లాడమన్నారు.

…

కొండ దింపాక నయమే. పెదాలకి రంగొచ్చింది. కాళ్లే ఇంకా దిండ్లలా ఉన్నాయి. వేలితో నొక్కితే గుంటపడి అలాగే ఉండిపోతోంది… ఆ, ఇక్కడి నర్సు చూసింది. నీలాంటి నర్సే.

…

అద్దం బాగా కూర్చుందట. బావ నిన్న ఫోన్ చేశాడు. ఇంక మీ టెలిస్కోపులో చుక్కలు చూసుకోవచ్చు. సంతోషం.

— ఏడవడం లేదు. దగ్గు.

అక్కా, అడ్డం రాకుండా విను. రెండుసార్లు చెప్పే ఊపిరి లేదు నాకు.

పొద్దున గుండె డాక్టరమ్మ వచ్చింది. నా గుండెని తెరమీద చూపించింది. గాలి పలచగా ఉన్నచోట ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుపోతాయట. వాటిలోకి రక్తం తొయ్యడానికి గుండె కుడివైపు గది రాత్రింబవళ్లు కష్టపడుతుందట. చాలామందికి అలవాటైపోతుంది, కొందరికి కాదు. ఆ గది కండ మందమెక్కి, ఆఖరికి సాగిపోతుందట. నాది సాగిపోయింది. ఎడమవైపు గదిని పక్కకి నెట్టేస్తోంది. నా కళ్లతో చూశాను…

…

నీకు తెలుసు. నర్సువి, నీకు తెలీకేం? అందుకే చెప్తున్నా.

“మూడు నెలల కిందటే దిగిపోవాల్సింది కదమ్మా, రిపోర్టులో రాశాం కదా” అంది డాక్టరమ్మ. ఏ రిపోర్టు అన్నాను.

…

ఏ రిపోర్టో నువ్వు చెప్పు.

…

అదే. క్యాంపుకి స్కాన్ బండి వచ్చిందే, ఆ రోజుది. ‘ఈమెని వెంటనే దింపండి’ అని రాసి నీకు పంపారు. ‘దింపేస్తున్నాం’ అని నువ్వు జవాబు రాశావు. ఆ కాగితం చూపించారు నాకు. కింద నీ సంతకం, చివర తోక తిప్పుతావే, అలాగే. చిన్నప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం దొంగగా పెట్టినప్పుడు కూడా ఆ తోక మానలేదు నువ్వు.

…

నాతో ఏమన్నావ్ నువ్వు? హీటరు పక్కన కూర్చోబెట్టి, “అంతా బానే ఉంది, నీళ్లే సరిగ్గా తాగడం లేదు” అన్నావ్. తాగాను అక్కా. రోజుకి నాలుగు లీటర్లు తాగాను. కాళ్లు వాస్తున్నాయంటే, క్రేన్‌లో కూర్చునే పని కదా, వాస్తాయిలే అన్నావ్. ఒక సైజు పెద్ద బూట్లు తెప్పించి ఇచ్చావ్. బూట్లు తెప్పించావే! మా అక్కకి నేనంటే ఎంత ప్రేమో అని క్యాంపంతా చూపించుకు తిరిగాను.

…

ఆగు. ‘నీకోసమే’ అనకు.

…

అవును, ఆ అద్దం నేనే ఎత్తాలని నాకుంది. రెండేళ్లు దానికోసమే నేర్చుకున్నాను. అయితే? నాతో చెప్పి, ఏం చేస్తావే అని అడగాలి. అడిగావా?

…

బావ ఉద్యోగమా?… ఓహో. ఇంకో క్రేన్ మనిషి రావడానికి నాలుగు నెలలు. ఈలోపు మంచు. పని ఏడాది వెనక్కి. సైటు ఇంజనీరుని ఇంటికి పంపించేస్తారు. అదీ సంగతి.

బావకి తెలుసా?… నిజం చెప్పు… ఒట్టు?

హమ్మయ్య. ఒక్కడన్నా మిగిలాడు.

ఇంతవరకు ఎవరికీ చెప్పనిది నీకు చెప్తాను. ఆ రోజు అద్దం గాల్లో ఉంది. పన్నెండు టన్నులు. టెలిస్కోపు గోపురం అంచు దాటించాలి. ఉన్నట్టుండి చెవుల్లో హోరు. వేళ్లు చూసుకుంటే సిరాలో ముంచినట్టున్నాయి. వైర్‌లెస్‌లో బావ, “కొంచెం ఎడమకి… కొంచెం ఎడమకి” అంటున్నాడు. నాకు ఎడమేదో తెలీలేదక్కా.

…

ఎంతసేపో ఏం చెప్పను? పది సెకన్లో, నిమిషమో. క్రేన్ హ్యాండిల్ మీంచి చెయ్యి తీసేశాను. చెయ్యి తీస్తే ఆగిపోతుంది కదా, అదొక్కటే తోచింది. అద్దం అలా వేలాడుతోంది. నాలుగడుగుల దూరంలో తాళ్లు పట్టుకుని ఆరుగురు —

ఆ ఆరుగురిలో మీ ఆయనొకడు.

…

బుగ్గ లోపల కొరుక్కున్నాను. నెత్తురొచ్చింది, దాంతో తెలివొచ్చింది. దించాను. వాళ్లు చప్పట్లు కొట్టడం వినపడింది. నిచ్చెన దిగుతూ పడిపోయాను.

…

కాగితమా? ఏం కాగితం?… చదువు.

…

“ప్రమాదం గురించి వివరించి చెప్పినప్పటికీ నా ఇష్టప్రకారమే పనిలో కొనసాగాను.” దీనిమీద నేను సంతకం పెట్టాలి. విచారణవాళ్లు వస్తున్నారని.

అందుకా ఫోన్ చేశావ్? ఎలా ఉన్నానో అడగడానికనుకున్నాను. పిచ్చిమొహాన్ని.

…

పెట్టను… పోతే పోనీ నీ లైసెన్సు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే, చెప్పొద్దని అమ్మ వెనకనుంచి సైగ చేసినా, థర్మామీటర్ చూసి ఎంతుందో ఉన్నదున్నట్టు చెప్పేదానివి. నర్సు పని చెయ్యాల్సింది ఆ అక్క. నువ్వు కాదు.

— ఉండు. నా రిపోర్టు ఎక్కడ దాచావ్?… మందుల సొరుగులోనా. అందులో నాదొక్కటే ఉందా?

…

నాదొక్కటేనా అని అడిగాను.

…

అక్కా!

…

ఎవరిది?… వంటాయనదా! ఎప్పట్నుంచి?… నెల. ఈ నెలంతా ఆయన లేచి డెబ్బైమందికి రొట్టెలు కాలుస్తున్నాడు, నువ్వు కూర్చుని తింటున్నావ్!

ఆయనెందుకు? ఆయన అద్దం ఎత్తడు కదా?… ఆయన్ని దింపితే నా సంగతి అడుగుతారని. ఎంతకి తెగించావే!

లే. ముందు లే. ఏడుపు తర్వాత. బయట జీపుందా?… డ్రైవర్ని పిలువు. ఆక్సిజన్ సిలిండర్ ఎక్కించు. ఆయన్ని నడిపించకు, కుర్చీలో కూర్చోబెట్టి మోయించు. నేను లైన్లోనే ఉంటాను. కట్ చేశావంటే మరుక్షణం బావకి చేస్తాను.

…

…

ఉన్నాను. ఇవ్వు ఆయనకి.

పెద్దాయనా! నేనే, క్రేన్ పిల్లని… ఆ, గట్టిదాన్నే, బతికేవున్నా… పడుకుంటే ఊపిరందడం లేదా? గోడకానుకుని కూర్చునే కునుకు తీస్తున్నారా? నేనూ అంతే చేశాను… వయసు వల్ల కాదు. వయసని ఎవరు చెప్పారు మీకు?… సర్లెండి, నాకు తెలుసు. రొట్టెల సంగతి వదిలెయ్యండి, ఒకపూట మాడితే మాడతాయి, వాళ్లకీ మీ విలువ తెలుస్తుంది. నా పక్క మంచం ఖాళీగానే ఉంది. వచ్చెయ్యండి… ఫోన్ అక్కకివ్వండి.

…

బయల్దేరిందా?… ఆ, వినపడింది.

…

నాకా? ఏడాదిలో ఆ గది కొంత కుదుటపడొచ్చు అంటోంది డాక్టరమ్మ. అంతా కాదు. కొండెక్కడం ఇంక ఈ జన్మలో లేదు. కింద క్రేన్ నడపనిస్తారో లేదో చూడాలి.

సాయంత్రం విచారణవాళ్లు నా దగ్గరికొస్తారు. జరిగింది జరిగినట్టు చెప్తాను. బావకి మాత్రం ముందు నువ్వే చెప్పు. ఆరింటిదాకా ఆగుతాను. ఆ తర్వాత నేను చెప్తాను.

…

రావద్దు… వద్దన్నానా, రావద్దు. వచ్చినా వార్డులోకి రానివ్వరు.

ఆసుపత్రిలో చేర్చేటప్పుడు నీవాళ్లెవరమ్మా అని అడిగారట. కళ్లు సరిగ్గా తెరవకుండానే నీ పేరు చెప్పానట. గుండె అంత అవస్థలో ఉండి కూడా నీ పేరే చెప్పానట.

ఇవాళ పొద్దున ఆ పేరు కొట్టేయించాను.

…

ఉంటాను.