బూడిద పడిన ట్రేను పారేయనివ్వని ఎలిశిబా గారు

1989 జూలై 3వ తేదీన మెదక్‌లోని మన పరిశోధనా కేంద్రంలో సహాయ పరిశోధకురాలిగా చేరిన డాక్టర్ ఎలిశిబా గారు, ముప్పై ఆరేళ్ల సేవానంతరం ఈ జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నారు. అప్పట్లో వారి పై అధికారిణిగా పనిచేసిన నాకు ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం దక్కింది.

తొలి పదిహేనేళ్లు మట్టి నమూనాల విశ్లేషణలో గడిపిన వారు, ఆ తరువాత వరి నారును కుంగదీసే కాడ్మియం వంటి భారలోహాల ప్రభావాన్ని ఖనిజ పోషకాలు ఏ మేరకు తగ్గించగలవన్న ప్రశ్నను జీవితకార్యంగా స్వీకరించారు. అందుకు కారణం హవేలిఘనపూర్ రైతు గాలయ్య గారి మడి. మురుగు కాలువ నీరు పారిన ఆ మడిలో నారు పసుపుబారి, వేళ్లు మొద్దుబారి, వరుసగా రెండేళ్లు చచ్చింది. మూడో ఏడూ అంతే అయితే భూమిని సాగు మాని పడావు పెట్టడమే గతి అని ఆయన నిశ్చయించుకున్నారు.

ఆ మట్టితో నింపిన పన్నెండు ట్రేలలో, పోల్చి చూడటానికి ఏ పోషకమూ వేయకుండా ఉంచిన ట్రేలోనే నారు అన్నిటికన్నా పచ్చగా లేచింది. ప్రయోగం చెడిందని భావించి, దానిని పారవేయమని ఆదేశించినది నేనే. ఎలిశిబా గారు మాత్రం ట్రేను వదలక, నారుకు నీళ్లు పోసే యాదవ్వను పిలిచారు.

“నిజం చెప్పు యాదవ్వా, దీంట్ల ఏమేసినవ్?”

“జర ఊక బూడిద చల్లిన మేడం. అన్నిట్ల ఏదో ఒకటి ఏస్తిరి, గా దాంట్ల ఏం ఎయ్యకపోతిరి. పాపమనిపిచ్చింది. నా కొలువు పోతదా?”

“నీ కొలువు కాదే, నా నిద్ర పోయింది!”

ఆ యేడే గాలయ్య గారి మడిలో ఊక బూడిద వేయించారు. బూడిదలోని సిలికాన్ కారణమా, దాని క్షారగుణం కారణమా అన్నది విడదీయడానికి మరి నాలుగేళ్లు శ్రమించారు. రెండూనని తేలింది: క్షారగుణం మట్టిలోని లోహాన్ని కొంత కట్టివేస్తే, సిలికాన్ వేరు గోడల్లో చేరి, మిగిలినది పైకి పాకకుండా చాలావరకు అడ్డుకుంది. సూక్ష్మదర్శినిలో ఆ వేరు కోతను చూసి అబ్బురపడిన నాడే, ట్రేను పారవేయమన్నది నా పొరపాటని వారితో ఒప్పుకున్నాను.

అంతకన్నా నన్ను అబ్బురపరచినది వారి నిగ్రహం. మడి పచ్చబడగానే గాలయ్య గారు, “పచ్చగనే ఉన్నది గద మేడం! పెండ్లిపిల్ల లెక్క ఎన్నిసార్లు చూస్తరు?” అన్నారు.

“మొఖం జూసి ఒప్పుకునే సంబంధం గాదు గాలయ్యా. గింజల ఏమున్నదో తేలేదాక తినకుండ్రి, అమ్మకుండ్రి.”

వరుసగా మూడు పంటల గింజలు పరీక్షలో నిలిచాకే వారు సరేనన్నారు.

ఆ మడిలో గాలయ్య గారు ఈ వానాకాలానికీ నారు పోశారు. “ఈసారి మట్టి సంచులు లేకుంట రమ్మనుండ్రి” అని కబురు పంపారు. ఎలిశిబా గారు సంపూర్ణారోగ్యంతో ఇంకా ఎన్నెన్నో వానాకాలాలు ఆ గట్టు వెంట నడవాలని, ఆనాడు పోయిన నిద్రంతా వారికి తిరిగి దక్కాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను.