దొరగారి గోత్రం

మహాలయ అమావాస్య ఉదయం సఖినేటిపల్లి రేవులో విశ్రాంత ప్రిన్సిపాల్ బుచ్చిరాజుగారు, వారి కెదురుగా పురోహితులు శరభయ్యగారు ఆసీనులయ్యారు.

"మీ అమ్మగారి తాతగారి పేరు చెప్పండి, రాజుగారూ."

"అలెగ్జాండరు. స్కాట్లాండులో వారి కోటను నిరుడు స్వయంగా చూసి వచ్చాను. చుట్టూ అగడ్త..."

"ఆయ్. అగడ్తకి తర్పణం వదల్లేమండీ. గోత్రం?"

బుచ్చిరాజుగారి గొంతు తగ్గింది. "తెలియదండీ. ఇన్నాళ్లూ మా ఇంట్లో ఆయన పేరే ఎత్తలేదు. ఈసారీ నీళ్లు అందవా?"

"గోత్రం తెలియనివాళ్లంతా కాశ్యపులేనండీ. నువ్వులు తీసుకోండి. కాశ్యపగోత్రం, అలెగ్జాండరువర్మాణం..."

"వర్మ ఎక్కడిదండీ?"

"కోట ఉందన్నారు కదండీ! క్షత్రియులే."

నువ్వులూ నీళ్లూ వశిష్ఠ గోదావరిలో కలిశాయి. మరచిన పెద్దకు తొలి తర్పణం ఇప్పించినందుకు శరభయ్యగారికి బుచ్చిరాజుగారు లేచి నిలబడి, సవినయంగా కృతజ్ఞతలు సమర్పించారు.