పదకొండు నెలలు పడుకున్న ముల్లు

ఆ పొద్దున కోతల మేస్త్రి టీకొట్టు బెంచీ మీద కాలు మీద కాలేసుకున్న తీరు చూస్తేనే తెలిసిపోయింది, ఇవాళ ఎవరి పనీ సాగదని. దేవుడు ఆయన చేతికి ఇంజిన్లు విప్పే ఒడుపు ఇచ్చి, నోటికి బ్రేకు బిగించడం మర్చిపోయాడు. మర్చిపోయినందుకు ఆ స్వామికి వెయ్యి దణ్ణాలు, లేకపోతే ఈ కథ మనకి దక్కేదా!

"పెద్ద పనేం కాదులే," అని గ్లాసు ఊదుకుంటూ మొదలెట్టాడు. "మన కార్లో ఆర్పీఎం మీటరుంది చూడూ, ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపించేది, దాన్ని పొద్దున్నే బాగుచేసి పారేశాను. ఒక్క వైరు. అంతే."

"పదకొండు నెలల్నుంచి సున్నా మీద పడుకున్న ముల్లేనా?" అన్నాడు పంచర్ల తాత.

అదే. పదకొండు నెలల కిందట మేస్త్రి తన కార్లోంచి పాత పెట్రోలు ఇంజిన్ దించి డీజిల్ ఇంజిన్ ఎక్కించాడు. కారు నడిచింది, లైట్లు వెలిగాయి, ఆ ముల్లు మాత్రం లేవలేదు. లేపాల్సినవాడు బావ. వరసకి ఏమీ కాడు, ఇరవై ఏళ్లు ఒకే షెడ్డులో ఇంజిన్ పని ఈయనదీ, వైరింగు పని ఆయనదీ. ఇంజిన్ ఎక్కించిన రోజున పదిమంది ముందు మేస్త్రి నోరు జారాడు: "వైరింగులో ఏముందిరా, నాలుగు దారాలు ముడెయ్యడమేగా!" బావ తన టెస్టరూ సోల్డరింగ్ ఐరనూ సంచిలో వేసుకుని రోడ్డు దాటి ఎదురుగా షాపు పెట్టుకున్నాడు. ఆనాటి నుంచీ మాటల్లేవు. మేస్త్రి ఆ మీటరు ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. రోజూ కారు స్టార్ట్ చెయ్యగానే ముందు దానికేసే చూసేవాడు.

ఇవాళ పూజ ముగించుకొచ్చి తాళం తిప్పితే, ముల్లు లేచి నిలబడింది!

బానెట్ ఎత్తి చూశాడు. కొత్త వైరు. దాని చివర టేపు మూడు చుట్లు చుట్టి, అంచు కాస్త మడిచి ఉంది, రేపు విప్పేవాడు గోళ్లు విరగ్గొట్టుకోకుండా. అలా మడిచేవాడు ఈ లోకంలో ఒక్కడే. మేస్త్రి ఆ మడత మీద వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయాడు. వెళ్లాల్సింది రోడ్డవతలికి. కాళ్లు రాలేదు. ఆయన దగ్గర ఎప్పుడూ పలికేది నోరొక్కటే, దాన్ని తీసుకుని టీకొట్టుకొచ్చాడు.

"ఇంతకీ ఆ వైరు ఎక్కణ్నుంచి లాగావేంటి?" అడిగింది టీకొట్టు అక్క.

"ఇంకెక్కణ్నుంచి, కాయిల్ నుంచి!"

రోడ్డవతల బావ షాపులో స్క్రూడ్రైవర్ కిందపడిన చప్పుడైంది.

మేస్త్రి చెవులు నిక్కాయి. గొంతు పెంచాడు. "అవును, కాయిలే! అలా తగిలించానో లేదో, ముల్లు వెయ్యి దాటింది, నాలుగు వేలు దాటింది, ఎనిమిది వేలు దాటింది, అంకెలు అయిపోయాయి, అయినా ఆగదే, అంచుకున్న పిన్నుని విరగ్గొట్టుకుని రెండో చుట్టు మొదలెట్టింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకపోతే ఊరుకుంటావా," అన్నాడు తాత.

"గాలి, తాతా, గాలి! ఆ ముల్లు గాలికి నా తలమీది టోపీ వెనక సీట్లో పడింది. వీధిలో వాళ్ల గడియారాలన్నీ దీంతో పోటీపడి పరిగెత్తాయి. బార్బరు ఒకాయనకి కుడి బుగ్గ గీసి ఎడమ బుగ్గకొచ్చేసరికి కుడివైపు మళ్లీ గడ్డం మొలిచింది. పాపం ఆ మనిషి మధ్యాహ్నం దాకా కుర్చీ దిగలేదు!"

"ఇంకా మధ్యాహ్నం కాలేదు మేస్త్రీ," అంది అక్క.

"మీకు కాలేదు. మా కార్లో అయిపోయింది! సరే, ఇలా లాభంలేదని వైరు తిరగేసి పెట్టాను. ముల్లు వెనక్కి తిరగడం మొదలెట్టింది. మొన్న కురిసిన వాన మళ్లీ పైకి పోయింది. నెలలు పోతున్నాయి వెనక్కి, ఒకటీ, రెండూ... పదకొండో నెల దగ్గర ఠక్కున ఆగింది. తలెత్తి చూద్దును కదా, మన షెడ్డు మీద పాత బోర్డు. రెండు పేర్లూ ఉన్నాయి దాని మీద. రంగు కూడా పోలేదు."

ఎవరూ నవ్వలేదు.

"బోర్డు కింద ఎవరున్నారు?" మెల్లగా అడిగాడు తాత.

మేస్త్రి గ్లాసులోకి చూశాడు. అందులో టీ ఎప్పుడో అయిపోయింది. "ఉన్నార్లే," అన్నాడు. "ఇద్దరు వెధవలు. ఒకడు ఏదో అనబోతున్నాడు. నోరు ముయ్యరా అని నేను కార్లోంచి అరిచాను, తాతా. గట్టిగా అరిచాను. వాడికి వినపడలేదు."

అక్క కెటిల్ మళ్లీ పొయ్యి మీద పెట్టింది. అంతలో మేస్త్రి మోకాలు చరుచుకుని, రోడ్డవతలికి వినపడేలా అందుకున్నాడు. "ఏదేమైనా, అంతా కాయిల్ మహిమ! డీజిల్ ఇంజిన్‌కి కాయిల్ కన్నా..."

"డీజిల్ ఇంజిన్‌కి కాయిల్ ఎక్కడ ఏడ్చిందిరా!"

బావ రోడ్డు మధ్యలో ఉన్నాడు. ఒక కాలికే చెప్పుంది. "నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులే లేని ఇంజిన్‌కి, వాటికి కరెంటిచ్చే కాయిలేంటి? పదకొండు నెలల్లో ఇంజిన్ పని కూడా మర్చిపోయావా? ఆల్టర్నేటర్ వెనక డబ్ల్యూ అని ఒక పిన్నుంటుంది, చుట్ల లెక్క చెప్పేది, వైరు దాన్నుంచి తీశాను..."

అని ఆగిపోయాడు. తన మాట తనకే వినపడింది.

"తీశావా?" అన్నాడు మేస్త్రి. "నువ్వు తీశావా, బావా?"

బావ మెడ రుద్దుకున్నాడు. టీకొట్టు అక్క ఏమీ అడక్కుండా రెండు గ్లాసులు కడిగింది.

"ఇంకా పని పూర్తవలేదు," అన్నాడు బావ చివరికి, బెంచీ కొసన కూర్చుంటూ. "నువ్వు పూజలోంచి లేచావని సగంలో వచ్చేశాను. ఆ ముల్లు ఉన్నదానికన్నా రెండొందలైనా ఎక్కువే చెప్తుంది. అచ్చం నీలాగే."

"సరిచెయ్యి మరి."

"ముల్లునా, నిన్నా?"

"ముందు ముల్లుని," అన్నాడు మేస్త్రి, చెప్పు లేని ఆ కాలికేసి చూస్తూ. ఆ పూట ఇంకేమీ చెప్పలేదు.