మూపురం వెనక

పశువుల ప్రదర్శన. రేకుల షెడ్డులో చివరి స్టాలు. భార్య, భర్త, మధ్యలో వాళ్ల పొట్టి ఆవు.

"...ఎందుకో చెప్పలేను గానీ, పొద్దుటి నుంచీ దాని కళ్లలోకి చూడలేకపోతున్నానండీ. ఏదో అడుగుతున్నట్టుంది. అడిగేది మిమ్మల్ని కాదు, నన్నే. నేను ఎటు వెళ్తే అటు తిరుగుతోంది."

"దాణా బకెట్టు నీ చేతిలో ఉంది. అందుకు."

"బకెట్టు కింద పెట్టి చాలాసేపైంది."

"మెల్లగా మాట్లాడు. పక్క స్టాలు వాళ్లు వింటారు. దాని ఒళ్లు తుడిచావా?"

"తుడిచాను. నెమరు వేయడం లేదు, చూశారా?"

"కొత్త చోటు, జనం. మనకే నిద్ర పట్టలేదు, గొడ్డు నెమరేం వేస్తుంది? తోక దువ్వు."

"తోక ఎత్తే ఉంచుతోంది. దువ్వెనకి దొరకడం లేదు."

"ఈగలు."

"ఇక్కడ ఈగల్లేవండీ. మందు కొట్టారు."

"సరే, లేవు. కొలతాయన అటు చివర మొదలుపెట్టాడు. ఇటు వచ్చేలోపు చెప్పేది విను. వింటున్నావా?"

"వింటున్నాను."

"కర్ర తెచ్చి పక్కన నిలబెడతాడు. దానికి అడ్డపట్టీ ఉంటుంది, పొట్టి జాతి గీత దాకా దించుతాడు. అది మూపురం వెనక వీపుకి తగలకూడదు. తగిలిందా, మనది పొట్టి జాతి కాదని వెనక్కి పంపేస్తాడు. పట్టీ దించేలోపు నీ బొటనవేలు అక్కడ ఉండాలి. పలుపు సర్దుతున్నట్టు చెయ్యి వేసి నొక్కు. ఇంటి దగ్గర రోజూ నొక్కినట్టే. కుంగుతుంది. అంతే మన పని."

"ఇవాళ నొక్కక్కర్లేదు. దానంతటదే కుంగుతోంది."

"చూశావా. నేర్చుకుంది. పడ్డ తిప్పలు ఊరికే పోతాయా?"

"నేర్చుకుని కాదు. నేను నీళ్లు పట్టుకొస్తూ దూరం నుంచి చూశాను. దగ్గర ఎవరూ లేరు. వెనక కాళ్లు వణికాయి, కుంగింది, డొక్కవైపు తిరిగి చూసుకుంది, మళ్లీ లేచింది."

"ఆకలి. వేలు పెడితే కుంగాలి, కుంగితే గుప్పెడు దాణా. మనం నేర్పిందేగా. పెట్టలేదని గుర్తు చేస్తోంది."

"కడుపు నిండా పెట్టుంటే గుర్తు చేసేది కాదు."

"కడుపు నిండా పెడితే ఆవగింజ అని పేరెందుకు? గుమ్మడికాయ అని పిలుచుకుందాం."

"నాకు నవ్వు రావడం లేదండీ. అది చూలుతో ఉంది."

"ఇక్కడ ఆ మాట అనకు."

"చూలుతో ఉందా, లేదా?"

"నీకు తెలీకుండా కట్టించానా? లేతగా ఉన్నప్పుడే తొలిచూలు పడితే ఎదుగుదల ఆగిపోతుంది. మా నాన్న చెప్పిన కిటుకు. ఈనడానికి ఇంకా నెల పైనే ఉంది."

"నెలలు మీరు లెక్కపెట్టుకున్నారు. అది లెక్కపెట్టదు."

"ఈనబోయే ఆవుని లోపలికి రానివ్వరని తెలుసుగా? తెలిసీ అరుస్తావేం?"

"అరవడం లేదు. దీని తల్లి కూడా..."

"తల్లి సంగతి వేరు."

"ఏం వేరు? దీనికంటే బెత్తెడు ఎత్తే. అయినా దారి చాల్లేదు. దీన్ని లాగి బయటికి తీశారు. ఒళ్లో పెట్టుకుని ఏమన్నారో గుర్తుందా? ఇంత చిన్నది మనింట్లో ఎప్పుడూ పుట్టలేదే, అన్నారు. మీ మొహం వెలిగిపోయింది. తల్లికి ఇంకా ప్రాణం పోలేదు అప్పటికి."

"చూడు. మా నాన్న జన్మంతా దీనికే పోయింది. నాది సగం పోయింది. ఇవాళ ఆ పట్టీ తగలకపోతే ఇదొక జాతి. మనింటి జాతి. తగిలితే, తిండి లేక గిడసబారిన గొడ్డు. రెంటికీ మధ్య వేలెడు తేడా. అర్థమవుతోందా?"

"తిండి లేక గిడసబారిందేగా అది."

"మెల్లగా."

"మెల్లగానే అంటున్నా."

"ఇంకోటి. పోటీలో నడిపించేటప్పుడు దానికి ఆనుకుని నడువు. నీ పక్కన ఉంటే దూడలా కనపడుతుంది."

"అందుకేగా నన్ను చేసుకుంది."

"ఏమిటా మాట?"

"మీ అమ్మ నన్ను మొదటిసారి చూసి, ఈ నిట్రాట పక్కన చంటిపిల్లాడిలా ఉంటావురా, అంది. మీరు కిటికీలోంచి దొడ్డివైపు చూశారు. సిగ్గనుకున్నాను. ఎన్నాళ్లో అలాగే అనుకున్నాను. మీరు ఆవుల్ని చూశారు."

"ఎప్పటి మాటలు ఎప్పుడు తవ్వుతావు?"

"మీరు నొక్కితే అది తన్నింది. నేను నొక్కితేనే కుంగుతుంది. కుంగి, తలెత్తి నన్ను చూస్తుంది, బాగా చేశానా అన్నట్టు. మొదటిసారి కుంగిన రోజు నాకెంత సంతోషమేసిందో. నా మాట విన్న ప్రాణి లోకంలో అదొక్కటే. ఆ సంతోషం తలుచుకుంటేనే ఇప్పుడు భయంగా ఉంది. పశువుల డాక్టరు గేటు దగ్గరే ఉన్నారు. పిలుచుకొస్తాను."

"కొలత అయ్యాక."

"ఇప్పుడు."

"ఆగు. నా మాట విను. గుప్పెడు దాణా పెట్టి చూద్దాం. వద్దందా, నొప్పులేనని ఒప్పుకుంటా. నేనే పరిగెత్తుకెళ్లి డాక్టర్ని తీసుకొస్తా. పుట్టిన దగ్గర్నుంచి అది దాణా వద్దన్నది లేదు. సరేనా?"

"సరే. పెడుతున్నాను."

"ఇప్పుడు కాదు. ఇప్పుడు పెడితే తర్వాత కుంగదు. కొలత అవగానే."

"అందాకా నొప్పులు ఆపుకోమని చెప్పనా దానికి?"

"వస్తున్నాడు, నోరు మూసుకో. కాస్త నవ్వు మొహం పెట్టు."

"ఏం బుడంకాయ్, ఈసారీ చివరి స్టాలేనా?"

"తమ దయండీ, కొలతాయనగారూ."

"ఆలు ఎత్తు, ఆవు పొట్టి. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా! పేరేమిటమ్మా దీనికి?"

"ఆవగింజండీ."

"బాగుంది. పొట్టేమిటి ఇలా ఉంది?"

"పచ్చగడ్డేనండీ. ఆశపోతు. దొరికిందల్లా తినేసింది."

"నిన్ను కాదయ్యా, ఆవిడని అడిగాను."

"దానికి... దానికి ఆశెక్కువండీ."

"సరే. కదలకుండా పట్టుకో అమ్మా. కర్ర నిలబెట్టాను. పట్టీ దించుతున్నా. ఊఁ. తగిలేలా ఉందే."

"పలుపు సర్దవే. పలుపు."

"సర్దే ఉంది."

"సర్దమంటుంటే."

"ఆగవయ్యా, ఆవిణ్ని పట్టుకోనీ. ఇదిగో. ఇదిగో గీతకి దిగింది. బాగా దిగింది. వేలు దూరేంత ఖాళీ ఉంది. పొట్టి జాతే, రాసుకుంటున్నా. పోటీకి తీసుకురండి. ఇంత వినయమున్న గొడ్డుని నేను చూడలేదు, ఇంకా వంగే ఉంది పాపం."

"దండాలండీ. దండాలు... వెళ్లాడు. వెళ్లాడే. నా ప్రాణం పోయిందనుకో. పట్టీ ఆనబోయేదాకా ఆగావు, ఎంత గుండె నీది! ఏం నొక్కావు. ఏం నొక్కావు. మా నాన్న చూసుంటే..."

"ఏవండీ."

"ఇంక లేపు దాన్ని. కుంగింది చాలు. దాణా పెట్టు. గుప్పెడు కాదు, ఇవాళ దోసెడు పెట్టు."

"పెట్టాను. చెయ్యి దాని మూతి దగ్గరే ఉంది."

"మరి?"

"వాసన కూడా చూడటం లేదు."

"కాస్త నీళ్లు చల్లి పెట్టు."

"నేను వేలు పెట్టలేదండీ."

"ఏమిటి?"

"వేలు పెట్టలేదు. ఒక చేత్తో పలుపు పట్టుకున్నాను, రెండోది నా వీపు వెనక పెట్టుకున్నాను. పట్టీ తగలాలి, పనికిరాదని పంపేయాలి, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి అనుకుంటూ నిలబడ్డాను. అది నా వైపు చూసి కుంగింది."

"మెల్లగా మాట్లాడు. కాళ్లు రుద్దు, లేస్తుంది. నీ మాట వింటుందన్నావుగా, లెమ్మను."

"పరిగెత్తుకెళ్తానన్నారు మీరు."

"అన్నాను. కాదన్నానా? వెళ్తాను. పోటీ అవనీ. ఒక్క రౌండు."

"తోక కింద తడిగా ఉంది. దూడ గిట్ట కనిపిస్తోందండీ. ఒక్కటే. రెండోది రావడం లేదు."

"గోనె కప్పు. ఎవరైనా చూస్తారు. గోనె కప్పవే, ఎక్కడికి? ఎక్కడికి వెళ్తున్నావు? మెల్లగా, మెల్లగా మాట్లాడు..."

"అయ్యా, కర్ర పట్టుకున్న అయ్యగారూ. ఇటు. చివరి స్టాలు. దారిలో డాక్టరుగారిని కూడా పిలుచుకుని వెనక్కి రండి. మీరు రాసుకున్నది కొట్టేయండి. ఇది పొట్టి జాతి కాదండీ. మేం తిండి పెట్టలేదు."