ఎర్ర గిటారులో కండెన్సర్

"విప్పొద్దన్నానా, అన్నా! దాని మీంచి చెయ్యి తియ్యి."

"ఎందుకు వద్దురా కసోండే? చేసినవాణ్ణి నేను. నేను కాక ఇంకెవడు విప్పుతాడు?"

రాగిగనుల పట్నం కిట్వేలో కసోండే అద్దెగది, శనివారం పొద్దున పదిన్నర. గిటార్లు చేసే కపెంబ్వా మీటరూ సోల్డరింగ్ ఐరనూ సంచీలో వేసుకుని పిలవకుండానే వచ్చేశాడు. పోయిన ఆదివారం నుంచి అతనికి తిండి సయించడం లేదు. ఎర్ర గిటారు మంచం మీద ఉంది, ఇద్దరూ దాని వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నారు.

"నీకెందుకన్నా శ్రమ. కూర్చో. టీ పెడతాను."

"టీ వద్దు."

"పోనీ గంజి ఉంది, తాగుతావా?"

"నువ్వింకా గంజే తాగుతున్నావా? మొక్కజొన్న న్షీమా ముద్ద మింగలేకపోతున్నావా? ఆ రోజు కొరుక్కున్న నాలుక మానలేదన్నమాట."

"మానింది. ఉప్పు తగిలితే కాస్త మండుతుంది, అంతే."

"అంతేనట! చర్చి నిండా జనం చూస్తుండగా, నేను చేసిన గిటారు పట్టుకుని, మైకుకి మూతి ఆనించి పాడుతూ పాడుతూ నరికిన చెట్టులా పడ్డావు. కళ్ళు మూస్తే అదే కనిపిస్తోంది నాకు."

"పరిగెత్తుకొచ్చి ప్లగ్గు పీకింది నువ్వే కదా. నా తల ఒళ్ళో పెట్టుకుంది నువ్వే కదా."

"పొగడకు. నువ్వు పొగిడే కొద్దీ నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. మైకుకి పెదవి తగిలినప్పుడు చురుక్కుమందా?"

"గుర్తులేదు."

"ముందురోజు ప్రాక్టీసులో?"

"గుర్తులేదన్నా."

"చీమ కుట్టినట్టయినా లేదా?"

"గుర్తులేదంటే వినవేం!"

"సరే, సరే. అరవకు. నువ్వు చేసుకోబోయే పిల్ల ముటాలే, వాళ్ళ మేనమామ పన్నెండింటికి వస్తున్నాడటగా?"

"ఎవరు చెప్పారు?"

"చెప్పనివాళ్ళెవరు? గనిలో ఎలక్ట్రీషియన్ కదా, మీటరు తెచ్చుకుని గిటారు తనే విప్పి చూస్తాడట. నిన్ను పడేసింది కరెంటా, ఇంకోటా తేల్చుకున్నాకే పిల్లనిస్తాడట. ఆ మనిషి సంగతి తెలిసిందే కదా, గనిలో ఫ్యూజు పోతే ఇంటికొచ్చి పెళ్ళాన్ని నిలదీస్తాడు."

"ఇంకోటి అంటే?"

"వాళ్ళ కూతలు నాకెందుకురా. ఆయన చూసేలోగా నా తప్పు నేను చూసుకోవాలి. అందుకే వచ్చాను."

"నీ తప్పేముంది? జోహన్నెస్‌బర్గ్ నుంచి మా బావ పంపిన పెట్టె. రెండు ఫైబర్‌గ్లాస్ చిప్పలు, ఒక మెడ, గుప్పెడు మరలు. నువ్వు బిగించావు, అంతేగా."

"అంతేనా! మెడ గాడిలో పట్టకపోతే రెండు రోజులు ఆకురాయి పెట్టి అరగదీశాను. ఆ గాజుపొడి గుచ్చుకుని మోచేతుల దాకా ఒకటే దురద. మీ వదిన నన్ను మంచం ఎక్కనివ్వలేదు."

"అందుకేగా అంత బాగా పలికింది."

"పలకడం సరే. నేను చెప్పేది విను. తీగలకి ఎర్త్ వైరు కలపాలి, లేకపోతే గుయ్యిమని ఒకటే రొద. ఆ వైరు మధ్యలో నేనెప్పుడూ ఒక కండెన్సర్ పెడతాను. మన హాళ్ళల్లో ఎర్తింగ్ ఉండి చస్తే కదా! యాంప్లిఫయర్‌లోంచి కరెంటు వెనక్కి తన్నితే తీగల దాకా రాకుండా అది ఆపుతుంది. ఇరవై ఏళ్ళుగా నా చేతి మీదుగా పోయిన ఏ గిటారూ అది లేకుండా పోలేదు."

"అయితే ఇందులోనూ ఉంటుంది."

"పెట్టెతో వచ్చిన కాయితంలో లేదు. అందులో వైరు సూటిగా గీసుంది."

"నువ్వు కాయితం చూసి చేశావా, నీ పద్ధతిలో చేశావా?"

"గుర్తులేదు."

"ఇప్పుడు నీకూ గుర్తులేదా?"

"నవ్వకురా. ఆ బుధవారం... వైరింగు చేసిన రోజు... తాగి ఉన్నాను."

"నువ్వా?"

"నేనే."

"మానేసి రెండేళ్ళయింది కదన్నా! చర్చిలో అందరి ముందూ నిలబడి..."

"నిలబడ్డాను. ఏడ్చాను కూడా. మీ వదిన ఆ రోజు ఇంట్లో కోడి కోసింది. ఇన్నాళ్ళూ ఆ మాట మీదే బతికాను. ఆ బుధవారం నా పాత బ్యాండువాడొకడు అరడజను సీసాలతో దిగాడు. ఒక్కటే అన్నాడు. ఆరూ అయ్యాక నీ గిటారు ముందేసుకున్నాను. టంకం వాసన గుర్తుంది. చిప్పలు మూయడం గుర్తుంది. మధ్యలో ఏం చేశానో లేదు. నా చేతులు ఏం చేశాయో నాకే తెలీదు. సిగ్గుతో చచ్చిపోతున్నానురా."

"వదినకి తెలుసా?"

"తెలిస్తే ఇంకా ఆ ఇంట్లో ఉంటానా? పచ్చి ఉల్లిపాయ నమిలి, గోడ వైపు తిరిగి పడుకున్నాను."

"నేనెవరికీ చెప్పను. నువ్వూ చెప్పకు. విప్పకు, ఇంటికి పో."

"మళ్ళీ అదే మాట! ఇంకో గంటన్నరలో ఆయన విప్పడా?"

"ఏదో చెప్పి పంపేస్తాను. నీ పేరు పోకుండా నేను చూసుకుంటాను."

"పేరు సంగతి తర్వాత. నిన్ను చంపబోయానా లేదా? అది నాకు తెలియాలి. జరుగు."

"అన్నా..."

"జరుగురా. ఒకటి... రెండు... ఈ మర చూడు, ఎంత వంకరగా బిగించానో. తాగినవాడి మర."

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వెందుకు పట్టుకోవడం? పట్టుకోవాల్సి వస్తే నేను పట్టుకోవాలి. ఆ చిప్ప అటు పట్టు. మెల్లగా... ఆఁ!"

"ఏంటి?"

"ఉంది."

"ఏముంది?"

"కండెన్సర్! ఇదిగో, బఠాణీ గింజంత. టంకం ఎంత నున్నగా పెట్టానో చూడు! నేను తాగాను గానీ నా చేతులు తాగలేదురా! ఓరి దేవుడా, వారం రోజులు చంపేశావు కదయ్యా..."

"పాడైపోయిందేమో?"

"ఏంటి?"

"పైకి బాగానే ఉండి లోపల పాడై ఉండొచ్చు కదా. మీటరు పెట్టి చూడు."

"ఉండు... లేదు. దివ్యంగా ఉంది."

"ఇంకోసారి చూడు."

"చూశాను కదరా."

"ఇంకోసారి, అన్నా."

"చూశాను. బాగుంది. కసోండే, ఎందుకురా అలా మీటరు వంకే చూస్తున్నావు? గిటారులో తప్పు లేదంటే నువ్వు సంతోషించాలి కదా?"

"సంతోషమే."

"నా మొహం చూసి చెప్పు. కరెంటు కాకపోతే నిన్ను పడేసింది ఏంటి?"

"నీకు తెలుసు."

"తెలీదు."

"చర్చిలో సగం మందికి తెలిసిపోయింది. అందుకే ఎవరూ దగ్గరికి రాలేదు. నువ్వు కరెంటనుకున్నావు కాబట్టి నన్ను ముట్టుకున్నావు."

"మూర్ఛా?"

"మెల్లగా! పక్కగదికి వినిపిస్తుంది."

"ఎన్నాళ్ళ నుంచిరా?"

"పద్నాలుగో ఏట, స్కూల్లో మొదలైంది. మర్నాటి నుంచి నా కప్పు వేరే పెట్టారు. నా ఎంగిలి తగిలితే వాళ్ళకీ అంటుకుంటుందట. మా అమ్మ నన్ను తీసుకుని ఊరే మారిపోయింది. మాత్రలు వేసుకుంటే రాదు. మొన్న చర్చిలో మూడు రోజుల ఉపవాసం అన్నారు, మాత్రలు కూడా మానేశాను. దేవుడు చూసుకుంటాడనుకున్నాను."

"మళ్ళీ వేసుకుంటున్నావా?"

"ఆదివారం నుంచే."

"ఆ పిల్లకి తెలుసా?"

"ముటాలేకి మొదట్లోనే చెప్పాను. నా కప్పులోనే టీ తాగుతుంది తను. కానీ మనలో మేనమామ వద్దంటే ఇంక అంతే కదా."

"అందుకా విప్పొద్దన్నావు."

"విప్పనంతసేపూ కరెంటే అనుకోవచ్చు. జనమే కాదు, నేను కూడా. వారం నుంచి ప్రార్థన చేస్తున్నానన్నా, ఇందులో తప్పుండాలని, నువ్వేదో మర్చిపోయి ఉండాలని. నా తల ఒళ్ళో పెట్టుకున్నవాడికి చెడ్డపేరు రావాలని కోరుకున్నాను. సిగ్గు నీ ఒక్కడికేనా?"

"టైమెంత?"

"పదకొండుంపావు."

"సోల్డరింగ్ ఐరన్ ఎక్కడ గుచ్చాలి?"

"ఎందుకు?"

"ఎక్కడరా?"

"ఆ తలుపు పక్కన. అన్నా, ఏం చేస్తున్నావు?"

"ఈ కండెన్సర్ పీకేసి వైరు రెండు కొసలూ కలిపేస్తున్నాను, కాయితంలో గీసినట్టే. ఆయన వెళ్ళాక మళ్ళీ పెడతాను. అందాకా గిటారు ప్లగ్గులో పెట్టకు."

"వద్దన్నా! ఇరవై ఏళ్ళ పేరు నీది. రేపటి నుంచి నీ దగ్గరికి ఎవడొస్తాడు?"

"కొస పట్టుకో. ఊగనివ్వకు."

"అయినా ఆయన నమ్మడు. కపెంబ్వా కండెన్సర్ మర్చిపోయాడంటే ఎవరు నమ్ముతారు?"

"మామూలుగా అయితే నమ్మరు. మీ వదినని కూడా పన్నెండింటికి రమ్మని కబురు పంపు."

"వదినెందుకు?"

"బుధవారం సంగతి ఆవిడ ముందే చెబుతాను, అప్పుడు నమ్మక ఏం చేస్తాడు? తాగింది నిజమే కదరా. అబద్ధమల్లా ఈ చిన్న ముక్కే, ఇదిగో, జేబులో వేసుకో."