ఎదుటోళ్ల మాట

పైన సంఘపోళ్లను వెతుకుతూ మిలిటరీ తిరుగుతోంది. నేల కింది జొన్నపాతరలో వదినా మరిదీ ఇరుక్కుని కూర్చున్నారు. దొర గడి కాపలాదారైన ఆమె భర్త చచ్చి ఏడాదైనా, జనం మీదపడ్డ రోజు గడి తలుపు అతడే తీశాడా అన్న వాదం చావలేదు.

"గడి తలుపు మేమే పలగ్గొట్టినం వదినె. అన్న తియ్యలే."

"నువ్వు చూసినవా?"

"లే. ఎనుక ఉన్న. అందరు గట్లనే అన్నరు."

"సంఘంల వాదమొస్తే ఎదుటోళ్ల మాట ముందు మనమే చెప్పాలె గద. నీది నేను చెప్త. ఆయన దొర మనిషి, తలుపు తియ్యలే, గందుకే జనం కొట్టి సంపిన్రు. సరేనా?"

"సరే."

"ఇగ నాది నువ్వు చెప్పు."

అతడు గొంతు తగ్గించాడు.

"అన్ననే గడియ తీసిండు. 'రా తమ్మీ' అని చేతులు సాపిండు."

"తమ్మీ అన్నడని నేనెన్నడు చెప్పలే."

"నేను ఎనుక లేను వదినె. ముందట్నే ఉన్న."

కేక ఆమె గొంతుదాకా వచ్చింది. బూట్లు సరిగ్గా పాతర మీదే ఆగాయి.